ఆర్తుని మాట ఎవరి సొత్తు?

దానాన్ని గురించి ధర్మశాస్త్రాలు ఎంతో విస్తారంగా విచారించాయి. దాత ఎటువంటివాడై ఉండాలి, పాత్రుడు ఎవడు, దేశకాలాలు ఏవి, ఇచ్చే వస్తువు ఏ మార్గాన ఆర్జించినది అన్న ప్రశ్నలకు స్మృతికారులు, నిబంధకారులు ప్రకరణాలకు ప్రకరణాలు కేటాయించారు. అయితే దానం జరిగే వేళ ఎదురు దిక్కుగా మరొకటి కూడా కదులుతుందన్న సంగతి మీద ఆ విచారణ అంతగా నిలవలేదు. సాయం కోరి వచ్చినవాడు ఊరికే చేయి చాచడు. తానెవరో, ఏ ఊరివాడో, ఒంట్లో ఉన్న రోగమేమిటో, ఇంట్లో జరుగుతున్నదేమిటో, ఎందుకు ఈ స్థితికి వచ్చాడో చెప్పుకుంటాడు, చెప్పుకోనిదే చాలా చోట్ల సాయం అందదు. పూర్వం ఆ మాట విన్నవాని చెవిన పడి, అతని వివేకాన్ని బట్టి అక్కడే ఆగేది, లేదా నలుగురి నోళ్లలో నానేది. నేడు అది దరఖాస్తు ఫారంగా, ఆధార్ జిరాక్సుగా, ఎక్సెల్ పట్టికలో ఒక వరుసగా, సహాయవాణి వద్ద సంభాషణ రికార్డుగా నిలిచిపోతున్నది. విన్నవారు సంస్థను విడిచి వెళ్లిన తరువాత కూడా అక్కడే ఉంటున్నది. ఇలా నిలిచిపోయిన ఆర్తుని మాట ఎవరి సొత్తు అన్నది చట్టానికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు; ఇచ్చేవానికీ పుచ్చుకొనేవానికీ మధ్య ఉండవలసిన ధర్మమేమిటన్న పాత ప్రశ్నకే అది కొత్త రూపం.

ఆత్మహత్య ఆలోచనలతో సతమతమయ్యేవారి మాట వినే సహాయవాణులు, గృహహింస నుండి తప్పించుకొని వచ్చిన స్త్రీలకు చోటిచ్చే ఆశ్రయ గృహాలు, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి తోడుగా నిలిచే సంఘాలు, యుద్ధాలలో చెల్లాచెదరైన కుటుంబాలను కలిపే సంస్థలు, ఇవన్నీ ఈ విచారణకు వచ్చే సహాయ సంస్థలే. వీటన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది: ఇవి ఇచ్చే సాయం కన్నా ఇవి తెలుసుకొనే సంగతి కొన్నిసార్లు బరువైనది. బ్యాంకు ఖాతా వివరం బయటపడితే డబ్బు పోతుంది, ఖాతాను మార్చుకోవచ్చు. హెచ్‌ఐవీ ఉన్నదన్న మాట ఊళ్లో పొక్కితే అద్దె ఇల్లు, పని, పిల్లల చదువు, పెళ్లి సంబంధాలు అన్నీ ఒకదాని వెంట ఒకటి పోతాయి, ఆ మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆశ్రయ గృహం చిరునామా భర్తకు తెలిస్తే ప్రాణమే పోవచ్చు. అమెరికాలో స్త్రీలపై హింసను అరికట్టడానికి 1994లో చేసిన చట్టాన్ని 2005లో పునరుద్ధరించినప్పుడు, ప్రభుత్వ నిధులు పొందే బాధితుల సంస్థలు తమ వద్దకు వచ్చినవారి ఆనవాళ్లు వెల్లడించకూడదని, నిరాశ్రయుల కోసం అన్ని సంస్థలూ కలిసి నింపే ఉమ్మడి సమాచార నిధిలో వారి వివరాలు ఎక్కించకూడదని నిషేధించడానికి కారణం ఇదే. న్యూజెర్సీలో 1985లో దక్షిణాసియా స్త్రీల కోసం ఏర్పడిన మానవి వంటి సంస్థల వద్దకు వెళ్లవలసి వచ్చిన స్త్రీ, భర్త వీసా మీద ఆధారపడి వచ్చిన తెలుగు యువతి అయినప్పుడు, ఈ రక్షణ విలువ ఇంకా పెరుగుతుంది. అక్కడ జారిన మాట ఒక్క ఫోనుతో గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న రెండు కుటుంబాలకూ చేరగలదు.

సంస్థ చేతికి వచ్చిన ఈ మాటకు ఉన్న స్థితి ఏమిటో తేల్చాలంటే ముందు దాన స్వరూపాన్ని చూడాలి. ఒక వస్తువు మీద తనకున్న స్వత్వాన్ని, అంటే యజమానిగా ఉన్న హక్కును, వదలుకొని అందులో ఇతరునికి స్వత్వం కలిగించడమే దానమని మీమాంసకుల మార్గాన నడచిన ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు నిర్వచించారు. ఈ నిర్వచనం ప్రకారం ఆర్తుడు తన మాటను సంస్థకు దానం చేశాడనడం కుదరదు, ఎందుకంటే తన రోగం మీద, తన అవమానం మీద, తన ఇంటి రహస్యం మీద ఉన్న హక్కును వదలుకోవాలన్న సంకల్పం అతనికి లేదు. పోనీ, అది అందిన సాయానికి చెల్లించిన వెల అందామా అంటే, అప్పుడు సంస్థ చేసినది దానమే కాకుండా పోతుంది. భగవద్గీత 17వ అధ్యాయం ప్రత్యుపకారం చేయలేనివానికి, ఇవ్వడం కర్తవ్యమన్న బుద్ధితో ఇచ్చినదానిని సాత్త్విక దానమని, ప్రత్యుపకారం ఆశించి ఇచ్చినదానిని రాజస దానమని వేరు చేసింది. అన్నం పెట్టి అందుకు బదులుగా కథ తీసుకొని, ఆ కథను దాతల ముందు చూపి మరిన్ని విరాళాలు సేకరించే సంస్థ, తాను నిష్కామంగా ఇస్తున్నానని ఎంత నమ్మినా, ప్రత్యుపకారం పుచ్చుకొంటూనే ఉన్నది. దానమూ కాక, వెలయూ కాక మిగిలే స్థితి ఒక్కటే. అది నిక్షేపం, అంటే నమ్మకం మీద ఒకరి వద్ద దాచుకొన్న సొత్తు. దాచుకొన్నవాని హక్కు అందులో ఎన్నడూ పోదు.

మనుస్మృతి 8వ అధ్యాయం 18 వ్యవహార పదాలను, అనగా రాజు ఎదుట విచారణకు రాదగిన వివాదాల తరగతులను, పేర్కొంటూ అప్పుల వివాదం తరువాత రెండవ స్థానాన్ని నిక్షేపానికే ఇచ్చింది. యాజ్ఞవల్క్య స్మృతి ఇందులోనే ఉపనిధి అనే ఒక ప్రత్యేక రూపాన్ని వివరించింది: పెట్టెలో ఉంచి, లోపల ఏమున్నదో చెప్పకుండా అప్పగించిన సొత్తు ఉపనిధి, దానిని ఏ స్థితిలో అందుకున్నారో ఆ స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. కల్యాణి చాళుక్యుల ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. తిక్కనకు తన దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన దానిని విజ్ఞానేశ్వరము పేరిట 13వ శతాబ్దంలోనే పద్యాలలో తెలుగుకు తెచ్చాడు. కాబట్టి ఇతరుల సొత్తును విప్పి చూడకుండా కాపాడే ధర్మం మీద విచారణ తెలుగులో ఏడు వందల ఏళ్లకు పైబడినది. ఉపనిధి భావనలోని సూక్ష్మం ఏమిటంటే, కాపాడడానికి తెలుసుకోవలసిన అవసరం లేదన్నది. ఈ సూక్ష్మాన్ని నేటి సంస్థ ఆచరణలో పెట్టదలిస్తే చేయవలసిన పనులు నిగూఢమైనవేమీ కావు: పేరు బదులు సంఖ్య వాడటం, ఏ సంఖ్య ఎవరిదో తెలిపే చిట్టాను వేరుగా తాళంలో ఉంచటం, లెక్కలు చూసే ఉద్యోగికి మొత్తాలు తప్ప మనుషులు కనబడకుండా చేయటం, కంప్యూటరులో ఉన్నదానిని సంకేత లిపిలోకి మార్చి తాళపుచెవి ఒకరిద్దరి వద్దనే ఉంచటం. ఇంతకన్నా ముందుగా, అడగనవసరం లేనిదానిని అడగకపోవటం. ఆకలితో వచ్చినవాని కులం, మతం, భార్యాభర్తల సంబంధం ఫారంలో గడులుగా ఉండటానికి చాలా చోట్ల కారణం పాత ఫారంలో అవి ఉండటమే. రేషన్ కార్డు, ఆధార్, ముఖం కనబడే ఫొటో, వ్యాధి నిర్ధారణ పత్రం అన్నీ కలిపి నలభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టి ఎవరైనా సాయపడండని కోరే అలవాటు తెలుగునాట సదుద్దేశంతోనే పెరిగింది. పెట్టినవారు మంచివారే కావచ్చు, కానీ ఇతరుల పెట్టెను నడివీధిలో తెరిచారు.

యాజ్ఞవల్క్యుడే మరొక అడుగు ముందుకు వేసి, తన వద్ద దాచిన సొత్తును ఇష్టానుసారం వాడుకొని దాని మీద బతికినవానిని దండించి, ఆ సొత్తును వృద్ధితో సహా తిరిగి ఇప్పించాలని విధించాడు. పోగొట్టడం ఒక నేరమైతే, పోగొట్టకుండానే దాని వల్ల లాభపడటం మరొక నేరమని దీని భావం. న్యూయార్క్‌లో 2013లో ప్రారంభమైన క్రైసిస్ టెక్స్ట్ లైన్ అనే ధర్మసంస్థ, ప్రాణం మీదికి తెచ్చుకోబోయేవారు సెల్‌ఫోన్ సందేశాల ద్వారా మాట్లాడుకోవడానికి ఏర్పడింది; అది తానే పుట్టించిన లోరిస్ అనే వ్యాపార సంస్థకు, పేర్లు తొలగించిన సంభాషణల సమాచారాన్ని అందించిందన్న వార్త 2022 జనవరిలో వెలువడింది. వినియోగదారుల ఫిర్యాదులకు కంపెనీల ఉద్యోగులు సౌమ్యంగా బదులివ్వడం నేర్పే సాఫ్ట్‌వేర్ తయారీకి ఆ సమాచారం పనికివచ్చింది. విమర్శ చెలరేగిన కొద్ది రోజులకే ధర్మసంస్థ ఆ ఒప్పందాన్ని ముగించి, ఇచ్చిన సమాచారాన్ని తొలగించమని కోరింది. పేర్లు తీసివేశాము కదా, ఎవరికి నష్టం జరిగింది అన్న సమర్థన ఇటువంటి చోట వినబడుతుంది. నిక్షేప ధర్మం ఎదుట ఆ సమర్థన నిలవదు, ఎందుకంటే అక్కడ ప్రశ్న దాచుకొన్నవానికి నష్టం కలిగిందా అన్నది కాదు, అతడు ప్రాణసంకటంలో పలికిన మాటను కాపాడవలసినవాడు సరుకు చేశాడా అన్నది.

అంగీకారం తీసుకొన్నామన్న మరొక సమర్థన కూడా ఉన్నది. దానిని మరింత లోతుగా పరిశీలించాలి. భారతదేశంలో 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావు లేకుండా ఇచ్చినదై ఉండాలని కోరుతున్నది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఈ విశేషణాలన్నీ ఉచితమైనవే, కానీ అర్ధరాత్రి నిద్రమాత్రల సీసా ముందు పెట్టుకొని సహాయవాణికి సందేశం పంపేవాడు షరతుల పత్రాన్ని చదివి అంగీకరించాడనడం ఏ విధమైన స్వేచ్ఛ? మత్తులో ఉన్నవాడు, ఉన్మాది, ఆర్తుడు, బాలుడు, పరాధీనుడు చేసిన వ్యవహారం చెల్లదని మనువు చెప్పాడు. యాజ్ఞవల్క్యుడు ఈ వరుసలో భయపడినవానిని కూడా చేర్చాడు. ఆర్తుడంటే రోగాది బాధలతో పీడితుడని వ్యాఖ్యాతల అర్థం. సహాయ సంస్థ వాకిట నిలబడేవారందరూ దాదాపుగా ఈ జాబితాలోనివారే కావడం వల్ల, వారి సంతకం సంస్థకు రక్షణ కవచం కాజాలదు. సమ్మతి అడగనవసరం లేదని దీని భావం కాదు; అడగాలి, వారి భాషలో, వారికి అర్థమయ్యేలా, కాదన్నా సాయం ఆగదని ముందుగా చెప్పి మరీ అడగాలి. కానీ సమ్మతి దొరికిన తరువాత కూడా, ఈ మనిషి కుదుటపడి, తన పనిలో తానుండి, నిదానంగా ఆలోచించినట్లయితే దీనికి ఒప్పుకొనేవాడేనా అన్న ప్రశ్న సంస్థ తనకు తాను వేసుకోవాలి. సమ్మతి ఆర్తునిది, దాని బరువు మోయవలసినది సంస్థ. చట్టం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికి, తరువాత ఆ రూపంలోకి మార్చినదానికి మాత్రమే వర్తిస్తుంది. కాగితపు రిజిస్టరుతో నడిచే చిన్న సంస్థకు దాని నుండి మినహాయింపు దొరకవచ్చు గాని ధర్మం నుండి దొరకదు.

నిక్షేపంతో పోల్చడంలో ఒక లోపం ఉన్నదని తార్కికుడు చెప్పవచ్చు. బంగారాన్ని తిరిగి ఇచ్చిన తరువాత కాపాడినవాని చేతిలో ఏమీ మిగలదు. తెలిసిన సంగతిని తిరిగి ఇవ్వడం సాధ్యం కాదు, తెలిసినవాడు తెలిసినవాడుగానే ఉండిపోతాడు. ఈ చిక్కుకు లోతైన సమాధానం క్రైస్తవ సంప్రదాయంలో కనబడుతుంది. 1215లో జరిగిన నాలుగవ లాటెరన్ మహాసభ తన 21వ శాసనంలో, పాపనివేదనలో విన్నదానిని బయటపెట్టిన గురువును పదవి నుండి తొలగించి, కఠిన మఠంలో జీవితాంతం ప్రాయశ్చిత్తంలో ఉంచాలని నిర్ణయించింది. తరువాత థామస్ అక్వినాస్ మార్గానుయాయులు దీనిని సమర్థిస్తూ, ఆ గురువు విన్నది మనిషిగా కాదు, దేవుని స్థానంలో ఉండి విన్నాడు, కనుక మనిషిగా అతనికి ఆ సంగతి తెలియదనే చెప్పాలని వాదించారు. ఎరుక వ్యక్తికి కాక పదవికి అంటుకొని ఉండటమన్న ఈ భావన మతం వెలుపల కూడా నిలబడగలది. సంస్థలో వలంటీరు విన్న మాట సంస్థకు తెలిసినది, అతని ఇంటికి తెలిసినది కాదు. అతడు పదవి నుండి లేచిన క్షణాన ఆ మాట అతనితో లేవరాదు. సంతలో ఎదురైన మనిషిని గుర్తు పట్టినా గుర్తు పట్టనట్లు నడవడం, కొత్తగా పరిచయమైనవానిలా పలకరించడం, స్నేహితుల మధ్య ఉదాహరణకైనా ఆ కథను ఎత్తకపోవడం, ఇవి నియమావళిలో రాసి నేర్పగల పనుల కన్నా తపస్సుకు దగ్గరి పనులు. ఇస్లాం సంప్రదాయంలోనూ ఒక కూడికలో విన్న మాటలు అమానత్తు, అంటే అప్పగింత, అన్న బోధ హదీసులలో ఉన్నది. అప్పగించిన వాటిని వాటి హక్కుదారులకు చేర్చమన్న ఆజ్ఞ ఖురాన్ 4వ అధ్యాయంలో కనబడుతుంది.

ఇచ్చేవాని గోప్యతను మతాలన్నీ మెచ్చుకున్నాయి. కుడి చేయి చేసినది ఎడమ చేతికి తెలియరాదన్న క్రీస్తు బోధ, పేదలకు రహస్యంగా ఇవ్వడమే మేలన్న ఖురాన్ బోధ, తిరుమల హుండీలో వేసినవాడెవడో, వేసినదెంతో ఎవరికీ తెలియని ఏర్పాటు ఇందుకు నిదర్శనాలు. అయితే గుప్తదానమన్నప్పుడు ప్రాయికంగా గుప్తంగా ఉండేది దాత పేరు. పుచ్చుకొన్నవాని ముఖం గుప్తంగా ఉండాలన్న ఆలోచనకు అంత ప్రచారం రాలేదు. యెరూషలేము దేవాలయంలో రహస్యాల గది అని ఒకటి ఉండేదని, పాపభీతి గలవారు అందులో ఎవరికీ తెలియకుండా ధనం ఉంచితే, మంచి కుటుంబాల నుండి చితికిపోయిన పేదలు ఎవరికీ తెలియకుండా తీసుకొనేవారని యూదుల మిష్నా చెబుతున్నది. ఈ గదినే ఆదర్శంగా చూపుతూ 12వ శతాబ్దపు తత్త్వవేత్త మైమనిడీస్ దానంలోని ఎనిమిది మెట్లలో, ఇచ్చేవాడు పుచ్చుకొనేవానినీ పుచ్చుకొనేవాడు ఇచ్చేవానినీ ఎరగని దానాన్ని పైనుండి రెండవ మెట్టుపై నిలిపాడు. అంతకు మించినది మనిషి తన కాళ్ల మీద తాను నిలబడేలా చేయటం ఒక్కటే. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు శిష్యునికి చేసిన ఉపదేశం ఇచ్చేవాడు సిగ్గుతో, భయంతో ఇవ్వాలని కోరుతున్నది. సిగ్గు ఇచ్చేవాని వైపు ఉండాలన్నది గమనించదగినది. వరదల వేళ బియ్యం సంచిని నలుగురు పట్టుకొని, పుచ్చుకొనే వృద్ధురాలి ముఖాన్ని కెమెరా వైపు తిప్పించే పద్ధతిలో ఆ సిగ్గు పూర్తిగా దిక్కు మారి ఆమె మీద పడుతున్నది.

దాతలకు లెక్క చెప్పాలి కదా, పాత్రాపాత్ర విచక్షణ అక్కరలేదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. విరాళం దుర్వినియోగం కావడం కూడా అధర్మమే. కానీ ఎంతమందికి ఎంత చేరింది, ఎవరు తనిఖీ చేశారు అన్న లెక్క ఒకటి, ఎవరికి చేరింది అన్న చిట్టా మరొకటి. మొదటిది దాత హక్కు, రెండవది కాదు. పేరు మార్చి కథ రాస్తే చాలునన్న నమ్మకం కూడా పరిశీలనకు ఆగదు. అమెరికా జనాభాలో 87 శాతం మందిని పిన్‌కోడు, పుట్టిన తేదీ, స్త్రీయో పురుషుడో అన్న మూడు వివరాలతోనే ఏకైకంగా గుర్తించే అవకాశమున్నదని పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లో చూపించింది. తెలుగు పల్లెకు అన్ని కూడా అక్కరలేదు. మండలం పేరు, ఎండిపోయిన బోర్ల సంఖ్య, కౌలుకు తీసుకొన్న ఎకరాలు, మిగిలిన పిల్లల వయసులు రాసి పేరు మార్చిన రైతు భార్య ఎవరో ఆ ఊరిలో చదవగలిగిన ప్రతివారికీ తెలుస్తుంది. ఆమెకు అప్పిచ్చినవారికి ముందుగా తెలుస్తుంది.

కరుణే చొరబాటుగా మారే సందర్భం వీటన్నిటికన్నా చిక్కైనది, ఎందుకంటే అక్కడ లాభాపేక్ష గాని ప్రచారం గాని లేదు. ఆంగ్లికన్ గురువు చాడ్ వరా 1953లో లండన్ నగరంలోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో టెలిఫోను పెట్టి ప్రారంభించిన సమారిటన్స్ సంస్థ, పిలిచినవారి మాటను వినడం, దానిని బయటికి పోనివ్వకపోవడం, వారి నిర్ణయాధికారాన్ని గౌరవించడం అన్న పునాది మీద ప్రపంచంలోని ఎన్నో సహాయవాణులకు దారి చూపింది. అటువంటి సంస్థ 2014 అక్టోబరు 29న ఒక యాప్‌ను విడుదల చేసింది. దానిని పెట్టుకొన్నవారికి, ట్విట్టర్‌లో తాము అనుసరించేవారి రాతలలో నిరాశ ధ్వనించే పదబంధాలు కనబడినప్పుడు హెచ్చరిక వచ్చేది; ఎవరి రాతలను యాప్ చదువుతున్నదో వారికి మాత్రం ఆ సంగతి తెలియదు. మానసిక వ్యాధులతో జీవిస్తున్నవారే ముందుగా అభ్యంతరం చెప్పారు, ఎందుకంటే అనుసరించేవారందరూ స్నేహితులు కారు, వేధించేవాడికి కూడా అదే హెచ్చరిక చేరుతుంది. నవంబరు 7న సంస్థ దానిని నిలిపివేసింది. బహిరంగంగా రాసినదే కదా అన్న వాదం అక్కడ పనికిరాలేదు. ఫోను చేసినవాడు తానై వచ్చి వాకిలి తట్టాడు, ఇక్కడ సంస్థ తానై వెళ్లి కిటికీలోంచి చూసింది. మేలు చేయాలన్న సంకల్పం ఎంత శుద్ధమైనదైనా, తట్టని వాకిలిని తెరిచే అధికారాన్ని అది ఇవ్వదని ఈ ఉదంతం మీద గట్టిగా చెప్పవచ్చు. ఆర్తునికి మిగిలి ఉన్న చివరి స్వాతంత్ర్యం, తన బాధను ఎవరికి చెప్పుకోవాలో తానే ఎంచుకోవటం.

మహాభారత కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునునికి కౌశికుడనే తపస్వి కథ చెబుతాడు. ఎప్పుడూ సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన అతని ఆశ్రమం పక్కనుండి దొంగల భయంతో కొందరు పారిపోయి అడవిలో దాక్కున్నారు. వెంబడించి వచ్చిన దొంగలు అడిగితే అతడు ఉన్నది ఉన్నట్లు చెప్పాడు, వారు వెళ్లి అందరినీ చంపారు, కౌశికుడు నరకానికి పోయాడు. ఈ కథను సాధారణంగా సత్యాసత్య వివేకానికి ఉదాహరణగా చెబుతారు గాని, ఇతరుల జాడ తెలిసి ఉండటమే ఒక బాధ్యత అన్న అర్థం కూడా ఇందులో ఉన్నది. మ్యాన్మార్ నుండి ప్రాణాలు దక్కించుకొని బంగ్లాదేశ్ చేరిన రోహింగ్యా శరణార్థుల వివరాలు, వేలిముద్రలు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ నమోదు చేసిందని, ఆ వివరాలలో కనీసం 8,30,000 పేర్లు బంగ్లాదేశ్ ప్రభుత్వం ద్వారా, వారు ఎవరికి భయపడి పారిపోయి వచ్చారో ఆ మ్యాన్మార్ ప్రభుత్వానికే చేరాయని హ్యూమన్ రైట్స్ వాచ్ 2021 జూన్‌లో ప్రకటించింది. తాము విషయం వివరించి సమ్మతి తీసుకొన్నామని శరణార్థి సంస్థ బదులిచ్చింది. రేషను ఇచ్చే కార్డు కోసం వరుసలో నిలబడినవాని సమ్మతిని గురించి పైన చెప్పినదంతా ఇక్కడ మళ్లీ గుర్తుకు వస్తుంది.

దొంగలు నేరుగా వచ్చే సందర్భంలో మాత్రం పాత ధర్మానికీ కొత్త ధర్మానికీ తేడా ఉన్నది. దొంగలు ఎత్తుకుపోయిన, నీట కొట్టుకుపోయిన, నిప్పులో కాలిన నిక్షేపానికి, అందులోంచి తాను ఏమీ తీసుకొని ఉండకపోతే, కాపాడేవాడు బాధ్యుడు కాడని మనువు సడలింపు ఇచ్చాడు. కుటుంబాలను కలిపే రెడ్‌క్రాస్ సేవ వద్ద ఉన్న 5,15,000 మందికి పైగా వ్యక్తుల వివరాలలోకి గుర్తు తెలియని చొరబాటుదారులు ప్రవేశించినట్లు 2022 జనవరిలో బయటపడింది. వాటిని ప్రపంచమంతటా ఉన్న కనీసం 60 రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ సంఘాలు సమకూర్చాయి, ఆ వ్యక్తులలో తప్పిపోయినవారు, నిర్బంధంలో ఉన్నవారు, యుద్ధంలో విడిపోయినవారు ఉన్నారు. ఆ సంస్థ దానిని దాచకుండా లోకానికి చెప్పి, సాఫ్ట్‌వేర్‌లో సకాలంలో పూడ్చని ఒక లోపం ద్వారా చొరబాటుదారులు ప్రవేశించారని వెల్లడించింది. భారతదేశపు సమాచార రక్షణ చట్టం తగిన రక్షణ చర్యలు తీసుకోని సందర్భానికి 250 కోట్ల రూపాయల వరకు దండన నిర్ణయించింది. ఈ విషయంలో కొత్త ధర్మమే న్యాయమైనది. తాళం వేయగలిగి వేయనివానికి దొంగ సాకు కారాదు.

నిక్షేపాన్ని ఎన్నడూ విప్పరాదా అంటే, విప్పవలసిన సందర్భాలు ఉన్నాయి, అవి కొద్ది. బాలల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం శాసిస్తున్నది. అక్కడ మాట అప్పగించిన బాలుని రక్షణే వెల్లడికి కారణం కాబట్టి నిక్షేప ధర్మానికి భంగం లేదు. ఇతరుల ప్రాణం ప్రమాదంలో ఉన్నప్పుడు చిక్కు పెరుగుతుంది. చెన్నైలో ఒక రోగి శస్త్రచికిత్స సందర్భంగా రక్తం ఇవ్వబోయిన ఒక వైద్యునికి హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలగా, ఆ సంగతి బయటికి పొక్కి అతని పెళ్లి నిలిచిపోయింది. 1998లో సుప్రీంకోర్టు పెళ్లికూతురి ఆరోగ్య హక్కే మిన్న అని తీర్పునిచ్చింది. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం దీనిని మరింత జాగ్రత్తగా మలచింది: జీవిత భాగస్వామికి చెప్పగలిగేది వైద్యుడు లేదా కౌన్సెలరు మాత్రమే, ముందుగా ఆ మనిషినే చెప్పమని ఒప్పించే ప్రయత్నం చేయాలి, చెప్పడం వల్ల స్త్రీకి హింసో వెలివేతో ఎదురయ్యే భయముంటే ఆమె విషయం చెప్పరాదు. వెల్లడి తప్పనిసరి అయినప్పుడు కూడా ఎవరు, ఎవరికి, ఎంత మేరకు అన్న మూడు కట్టుబాట్లు ఉండాలన్న ఈ పద్ధతి సహాయ సంస్థలన్నిటికీ అనుసరణీయం.

తెలుగు సమాజంలో ఈ ధర్మానికి అతి కఠినమైన పరీక్ష రాజ్యం నుండో దొంగ నుండో రాదు, కుటుంబం నుండి వస్తుంది. ఇంటర్మీడియట్ చదివే 17 ఏళ్ల పిల్లవాడు సహాయవాణితో ఏమి చెప్పాడో తెలుసుకొనే హక్కు తండ్రికి లేదా? సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువపరచిన సమ్మతి కోరుతూ, ఆసుపత్రులు, బడులు మొదలైన కొన్ని తరగతులకు మినహాయింపు ఇచ్చింది. బాధకు కారణం తండ్రే అయిన చోట ఆ సమ్మతి పిల్లవాని నోరు మూయిస్తుంది. దాచుకొన్నవాడు బతికి ఉండగా నిక్షేపాన్ని అతని దగ్గరి వారసునికైనా ఇవ్వరాదని మనువు స్పష్టంగా చెప్పాడు. కుటుంబమే సర్వస్వమైన సమాజానికి రాసిన శాస్త్రమే ఈ నిషేధం పెట్టడం చిన్న విషయం కాదు. అయితే దాచుకొన్నవాడు మరణించినప్పుడు వారసులకు చేర్చవచ్చునన్నది కూడా ఆ శాస్త్రమే, సరిగ్గా ఇక్కడ బంగారానికీ మాటకూ దారులు వేరవుతాయి. కొడుకును పోగొట్టుకొన్న తల్లి వచ్చి, చివరి రాత్రి వాడు మీతో ఏమన్నాడో చెప్పండి నాయనా అని అడిగితే, ఆమె కన్నా దగ్గరి వారసులు లోకంలో లేరు. కానీ ఆమెకు చెప్పలేకనే అతడు అపరిచితునికి చెప్పాడు. చెప్పరాదన్నది అతని మాటలోనే భాగం. 2023 చట్టం కూడా మరణానంతరం తన సమాచార హక్కులను ఎవరు వినియోగించాలో మనిషి తానే బతికుండగా నియమించుకోవచ్చునని అన్నది గాని, రక్త సంబంధానికి ఆ హక్కును తనంతట తాను ఇవ్వలేదు. అతడు నియమించి ఉంటే ఆ నియమితునికి చెప్పాలి, లేకపోతే ఆ పెట్టెను మూసి ఉంచవలసినదే. ఆ తల్లిని మాత్రం వట్టి చేతులతో పంపనవసరం లేదు. ఆమె కూడా ఇప్పుడు ఆర్తురాలే, ఆమె మాట వినడానికి ఆ సంస్థకు ఒక కుర్చీ, ఒక రాత్రి, మరొక వలంటీరు ఉండాలి. ఆమె చెప్పుకొన్నది వేరొక చోట, వేరొక సంఖ్య కింద, ఆమె పేరు లేకుండా భద్రం కావాలి.